ఎర్ర తాడు, తుమ్మ చెక్క

మా పెద్దనాయన పోయిన కబురు వచ్చేసరికి నేను నాగర్‌కర్నూల్ దాటి రోడ్డు మీద ఉన్నాను. ఫోన్ మోగితే కారు పక్కకు తీశాను. బ్రేకు బటన్ నొక్కి, వెనక చక్రాల దగ్గర ‘గుర్ర్’మన్న సన్నని చప్పుడు వినిపించేదాకా ఆగాను. ఫోన్ ఒకసారి ఆగిపోయి మళ్లీ మోగింది.

“నాయిన పోయిండురా” అన్నాడు అన్న, పెద్దనాయన కొడుకు. “పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. చిన్నమ్మను తోలుకొని రా.”

చిన్నమ్మ అంటే మా అమ్మ. ఇంటికి తిరిగి పోయేటప్పుడు గుర్తొచ్చింది, ఆ చప్పుడు వినేదాకా ఆగమని నాకు చెప్పింది ఆయనే.

అమరచింత దగ్గర మా ఊరు. పెద్దనాయన చాలా ఏళ్లు జీపు నడిపాడు. నాకు బండి నేర్పింది కూడా ఆ జీపు మీదే. స్టీరింగ్ పట్టనివ్వడానికి ముందు వారం రోజులు హ్యాండ్ బ్రేకు లాగడమే నేర్పాడు. లాగుతుంటే టిక్కు టిక్కుమని పలికేది.

“లెక్కవెట్టు. ఎన్నయినయ్?”

“ఆరు.”

“మంచిది. ఐదారుకు పట్టాలె. ఎక్కువైతే లోపల తీగ సాగిందన్నట్టు.”

“తొమ్మిదైతే?” అని అడిగాను ఊరికే. ఆయన జీపు దిగి బీడీ ముట్టించుకుని అవతలికి నడిచాడు.

ఆయన ఎందుకట్లా లేచిపోయాడో ఇంటికి పోయాక అమ్మ చెప్పింది. నేను పుట్టకముందు సంగతి. మిరప కోతకు కూలోళ్లను, వాళ్లతోపాటు అమ్మను, మానవపాడు తీసుకుపోయాడట. కాల్వ కట్ట ఎక్కే చోట జీపు ఆపి హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక నుంచి ఆడవాళ్లు దిగుతుంటే బండి జరిగింది. అందరికన్నా ముందు దిగింది అమ్మ. ఆమె ఎడమ పాదం చక్రం కింద పడింది. కర్నూలు దవాఖానలో నెల రోజులున్నా ఆ పాదం మళ్లీ నేల మీద సరిగా ఆనలేదు.

“ఆ పొద్దు తొమ్మిది పలికిందమ్మా, సాయంత్రం బిగిద్దామనుకున్న, అని ఒక్కసారి చెప్పిండు. మల్ల ఎన్నడు ఆ మాటెత్తలే” అంది అమ్మ. “నేను ఎన్నిసార్లు పోనియ్ బావా అన్నా ఇనడు.”

అప్పటినుంచి అమ్మ వాకిట్లో నడుస్తుంటే పెద్దనాయన ఇంకో దిక్కు చూసేవాడు. ఈ ముక్క నేను పెద్దవాణ్ణయ్యాకే గమనించాను.

జీపు అమ్మేశాక గద్వాలలో ఒక ఫంక్షన్ హాలు దగ్గర బండ్లు పెట్టించే పనికి కుదిరాడు. మన దగ్గర ఫంక్షన్ హాళ్ల సంగతి మీకు తెలుసు. జాగా తక్కువ, కార్లు ఎక్కువ. గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా వదిలి పొమ్మంటారు. వెనక కారు పోవాలంటే ముందు కారును చేత్తో నూకుతారు. అందరికీ అదే అలవాటు. పెద్దనాయనకు మాత్రం అది సరిపడేది కాదు. ఆ జాగా కంటికి చదునుగా కనిపిస్తుంది గానీ ప్రహరీ గోడ దిక్కు వాలు.

పని మానలేడు, పద్ధతి మార్చలేడు. అందుకని తుమ్మ మొద్దు కోయించి ఏటవాలు చెక్కలు చేయించాడు. ప్రతి చెక్కకూ ఎర్ర తాడు. చెక్క చక్రం వెనక పెట్టి, తాడు కొస తెచ్చి డ్రైవరు దిక్కు అద్దానికి తగిలించేవాడు. రాయి పెడితే బండి పోయాక రాయి దారిలోనే ఉంటుందని, చీకట్లో బైకు మీద వచ్చేవాడు పడతాడని ఆయన భయం. తాడు కంటికి కనపడితే చెక్క తీయకుండా ఎవరూ బండి కదిలించరు.

ఒకసారి పెళ్లివారిలో ఒకతను నవ్వాడు. “ఏంది తాతా, కారుకు గూడ తాళి కడుతున్నవ్?”

“కట్టకుంటె లేచిపోతది బిడ్డా” అన్నాడు, తల ఎత్తకుండానే.

అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. బంతిలో కూర్చుంటే రెండు ముద్దలకు ఒకసారి లేచి గేటు దాకా పోయి చూసి వచ్చేవాడు.

నిరుడు నేను కారు కొన్నాను. తీసుకుపోయి చూపించాను.

“దీనికి ఐదు స్టార్లు పెద్దనాయనా.”

“దేనికిచ్చిండ్రు?”

“గుద్దుకుంటే లోపలున్నోళ్లకు ఏం గాకుండ.”

కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఎనకాల నిలవడ్డోళ్లకు ఎన్నిచ్చిండ్రు?”

తర్వాత వెతికి చూశాను. నడిచిపోయేవాళ్లకు కూడా ఏవో మార్కులున్నాయి గానీ, అవి బండి ముందు నుంచి తగిలితే లెక్క. ఆపిన బండి దానంతట అది జరిగితే అన్న పరీక్ష నాకు కనిపించలేదు.

హ్యాండ్ బ్రేకు ఏదని అడిగితే బటన్ చూపించాను. ఇంజన్ ఆపగానే దానంతట అదే పడుతుందని చెప్పాను.

“సప్పుడు లేదు. పడ్డదని ఎట్ల నమ్ముతవ్?”

ఆ తర్వాత నెలకే ఆ ఫంక్షన్ హాలులో మా బంధువుల పెళ్లి. బ్రేకు పడితే కారు నూకడానికి రాదు కదా అని, పడకుండా ఆపడం ఎట్లాగో షోరూం మెకానిక్కును ఫోన్లో ముందే అడిగి పెట్టుకున్నాను. పెద్దనాయన ప్రతి ఒక్కరికీ, తను వచ్చి చెక్క పెట్టేదాకా బ్రేకు మీద కాలు తియ్యొద్దని చెప్పేవాడు. నాకూ చెప్పాడు. ముహూర్తం దాటిపోతుందని, బ్రేకు పడకుండా చేసి, చెక్క పెట్టకముందే నేను దిగిపోయాను. కాలు నొప్పిగా ఉంది, కాసేపాగి వస్తానని అమ్మ వెనక సీట్లోనే ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

పది అడుగులు వేసి ఉంటాను. “అరే, అరే” అని వినిపించి తిరిగి చూశాను. కారు వెనక్కి జరుగుతోంది. దాని వెనక, గోడ పక్కన ఇద్దరు పిల్లలు చెప్పులు విప్పుకుంటున్నారు. పెద్దనాయన ఆ వయసులో పరుగెత్తి చెక్క విసిరి కాలితో తన్నాడు. చక్రం చెక్క మీదికి కొంచెం ఎక్కి ఆగింది.

అప్పుడు లోపల అమ్మను చూశాడు. అక్కడే మట్టిలో కూలబడ్డాడు. అమ్మ అద్దం దించి, “ఏంది బావా, గట్ల కూసున్నవ్?” అంది.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లేచి, “ఆ బటన్ నొక్కు” అన్నాడు. నొక్కాను. వంగి వెనక చక్రానికి చెవి ఆనించాడు. “మల్ల నొక్కు.” తీసి నొక్కాను. అట్లా ఎన్నిసార్లు నొక్కించాడో లెక్క లేదు.

“ఆఁ, ఉన్నది సప్పుడు. సన్నగున్నది. అది ఇననిదే దిగకు.”

ఆ రోజునుంచి వింటూనే ఉన్నాను. విన్నాక కూడా దిగి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి చూస్తాను. ఇంట్లో నవ్వుతారు.

మేం ఊరు చేరేసరికి చుట్టాల కార్లు వాళ్ల సందులో వరసగా ఉన్నాయి. ఆ సందు బోరింగు దిక్కు వాలు. శవం దగ్గర అమ్మ కాసేపు కూర్చుని లేచింది. ఎటు పోయిందోనని నేను బయటికి వచ్చాను. పెద్దనాయన చెక్కలు పెట్టుకునే గోనెసంచి ఈడ్చుకుంటూ అమ్మ ఒక్కో కారు దగ్గరికీ పోతోంది. వంగడానికి కాలు సహకరించక, బానెట్ పట్టుకుని వంగి, చక్రం కింద చెక్క పెట్టి, తాడు అద్దానికి తగిలిస్తోంది.

“అమ్మా, అందరూ బ్రేకులేసుకున్నరు.”

“ఏసుకున్నరు లే. నువ్వు లోపటికి పో.”

అంత్యక్రియలు చేసే పొలం దూరం కావడంతో ఆయనను తీసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చింది. సంచిలో ఆఖరి చెక్క అమ్మ దానికి పెట్టింది.

“పోవాలె గదమ్మా ఇగ” అన్నాడు డ్రైవరు.

“ఆగు నాయినా. ఎక్కించనియ్యి.”

పాడె ఎక్కించారు. అందరూ వెనక నుంచి పక్కకు జరిగారో లేదోనని అమ్మ అటూ ఇటూ చూసింది. అప్పుడు తాడు పట్టి గుంజింది. ట్రాక్టరు కదిలింది. అది సందు మలుపు తిరిగేదాకా అమ్మ కుంటికాలు మీదే నిలబడి ఉంది. చేతిలోని ఎర్ర తాడు కొసన చెక్క, నేలకు తగలకుండా, మెల్లగా ఊగుతూ ఉంది.