పొర మీద మిగిలింది

ఆదివారం పొద్దున మా ల్యాబ్ మేడమ్ పోయారని ఫోన్ వచ్చింది. గుండెపోటు. మోతీనగర్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి ఫిల్మ్‌నగర్‌లోని ఒక షూటింగ్ ఫ్లోర్ మేనేజర్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. దండ వేసి, నా పక్కకు జరిగి, "ఇక రిపోర్టుల మీద సంతకం మీదే కదండీ?" అన్నాడు చెవిలో. ఛీ, మేడమ్‌ను ఇంకా ఇంట్లోంచి కదిలించనే లేదు.

అతని సంగతి చెప్పాలి. ఆ ఫ్లోర్‌లో హీరోలకు బాటిల్ నీళ్లు. బోరబండ నుంచి బస్సెక్కి వచ్చే జూనియర్ ఆర్టిస్టులకు, లైట్‌మెన్‌కు సంపు నీళ్లు. వాటిలో సీసం లాంటి విషాలు ఎంతున్నాయో పరీక్ష జూబ్లీహిల్స్‌లోని మా ల్యాబ్‌లోనే. యంత్రంలో పెట్టేముందు నీళ్లను సన్నటి ఫిల్టర్ పొరలోంచి వడగడతాం, లేకపోతే మట్టి చేరి యంత్రం మొరాయిస్తుంది. కిందికి దిగిన నీళ్లు తేటగా ఉంటాయి, లెక్కా తేటగానే వస్తుంది. ఆ సంపు నీళ్లలో సీసం చాలావరకు మట్టిని పట్టుకుని పొర మీదే ఉండిపోయేది. మేడమ్ ఆ పొరనూ యాసిడ్‌లో వేసి పరీక్షించేవారు. రిపోర్టులో రెండు లెక్కలూ వేసేవారు.

"వడగట్టిన లెక్క ఒక్కటి ఇస్తే చాలు కదండీ," అన్నాడు మేనేజర్ ఒకసారి.

"మీ ఆర్టిస్టులేమన్న ఈ పొర నోటికి కట్టుకొని తాగుతున్నరా?" అన్నారు మేడమ్.

మాకూ అదే పాఠం. "కిందికి దిగింది అందరు చూస్తరు. పైన మిగిలింది జర మీరన్న చూడుండ్రి," అనేవారు. టీ వడగట్టినా ముందు జాలీలో పిప్పి చూసేవారు. "నిన్నటి పొడే మల్ల మరగబెట్టిండ్రు," అని గ్లాసు పక్కకు నెట్టేసేవారు. కోపిష్టి మనిషి. నాకు పని నేర్పింది ఆమే, ఆ రుణం తీరేది కాదు.

ఆమె పోయిన వారంలోనే మేనేజర్ కొత్త శాంపిల్ పంపాడు. పొర బెల్లం రంగుకు తిరిగింది. రెండు లెక్కలూ వేసి సంతకం పెట్టాను. నిన్న ల్యాబ్‌కు వచ్చి రిపోర్టు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఆవిడ పోయినా ఈ చాదస్తం పోలేదా? జూనియర్ ఆర్టిస్టుల నీళ్లు ఎవరు పట్టించుకుంటారండీ?"

అతన్ని చూస్తుంటే రోత పుట్టింది. అతని శాంపిల్‌లో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి ముందు పెట్టాను.

"ఎండన పడి వచ్చారు, తాగండి."

ఫోన్ తీసుకుని లేచి వెళ్లిపోయాడు. గ్లాసు మేడమ్ బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రానికి పైన నీళ్లు తేటపడ్డాయి, అడుగున ఎర్రటి మట్టి పేరుకుంది.