పనికిరాదన్న అధ్యాయానికి చప్పట్లు

డాక్టరేటు మొదలుపెట్టి మూడో ఏడు నడుస్తోంది. పగలంతా కాలేజీలో పాఠాలు చెప్పడం, సాయంత్రాలు పరీక్ష పేపర్లు దిద్దడం, మిగిలిన కాస్త వేళలో సిద్ధాంత వ్యాసం. శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి సేకరించిన నాట్ల పాటల మీద వేసవిలో ఒక అధ్యాయం రాసి ఇస్తే, మా గైడు గారు "ఇది పనికిరాదు, తీసెయ్" అన్నారు. అప్పటినుంచి నాకు అసలు రాయడమే చేతకాదేమోనన్న దిగులు పట్టుకుంది.

ఈ రోజు విజయనగరంలో సాహిత్య సభ జరిగింది. మా గైడు గారే ముఖ్య వక్త. నేనూ మా ఆవిడా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. ఆయన నాట్ల పాటల గురించి మొదలుపెట్టగానే గుర్తుపట్టాను. అవి నా వాక్యాలే, ఒక్క మాటా మారలేదు.

మా ఆవిడ నా చెవిలో, "ఏటండీ, ఇది మీరు నాకు సదివి ఇనిపించిందే కదా?" అంది.

"ఊరుకో" అన్నాను.

"ఊరుకుంటే ఆయనదైపోతాది."

హాలంతా చప్పట్లు మోగాయి. బయటికొచ్చాక నేను నమస్కారం పెడితే ఆయన భుజం తట్టి, "విన్నావుగా? రాస్తే అలా రాయాలి" అన్నారు. "చిత్తం" అన్నాను. నాకు పట్టా రావాలంటే ఆయన సంతకం కావాలి మరి.

జట్కాలో ఇంటికి వస్తున్నంతసేపూ మా ఆవిడ మొహం అటు తిప్పుకునే కూర్చుంది. నాకు రాయడం వచ్చునని ఇవాళ తేలిపోయింది. నోరు తెరవడం మాత్రం రాదనీ తేలింది. నా చోట మీరుంటే ఆ "చిత్తం" అనకుండా ఉండేవారా? నిజం చెప్పండి.