కుర్చీల బస్సు

గాజువాక నుంచి పోర్టు దగ్గరున్న మా ఆఫీసుకి రోజూ సిటీ బస్సులోనే వెళ్తాను. పోయిన వేసవిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకి ఆత్మరక్షణ నేర్పుతున్నారంటే, ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లాను.

కోచ్ మేడమ్ ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలు వేయించి, నన్ను మధ్యలో నిలబెట్టి, "ఇదే బస్సనుకోండి" అంది. ఒళ్లంతా దళసరి మెత్తలు కట్టుకున్న ఒకతను వచ్చి నా మీదకి ఒరిగాడు. నేను గట్టిగా అరిచి, అతన్ని తోసెయ్యాలి. నేనేమో హ్యాండ్‌బ్యాగు అడ్డం పెట్టుకుని ఒక అడుగు జరిగాను. అతను మళ్లీ ఒరిగాడు, నేను మళ్లీ జరిగాను. చివరికి హాలు గోడకి తగిలాను. అందరూ గొల్లున నవ్వారు.

"ఏటమ్మా, ఆడు మీదకొత్తంటే నువ్వెందుకు జరిగిపోతన్నావ్?" అంది మేడమ్.

జరుగుతున్నట్టే నాకు తెలీదు! తమాషా ఏమిటంటే, నన్ను చూసి నవ్విన వాళ్లు కూడా తమ వంతు వచ్చేసరికి బ్యాగు అడ్డం పెట్టుకుని ఆ గోడ దాకానే వెళ్లారు. ఈ విద్య మా అందరికీ ఎవరు నేర్పారా అని వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

తర్వాత ఒక రోజు బస్సులో ఒకడు నిజంగానే ఒరిగాడు. చెయ్యి అప్పటికే బ్యాగుని మధ్యలోకి లాగుతోంది. ఆపేసి, వెనక్కి తిరిగి, "నాను జరగను, నువ్వే జరుగు!" అని అరిచాను.

జరిగాడు. చూస్తే, అతని వెనక ఇంకో ఇద్దరు నిలబడేంత ఖాళీ ఉంది.