ఇప్పచెట్టు ఆస్తి కాదట

ఫైర్ స్టేషన్ల పనిచేస్తనంటే జనం మర్యాదగనే చూస్తరు. బంగ్లా మీదికి నిచ్చెనేసి పిల్లల్ని దింపుతమని సినిమాల చూసిండ్రు గద! ఈ భద్రాచలం అడవి అంచున మా పనేందో నన్నడగండి. ఎండుటాకులతోని కొట్లాట.

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతదని మా అమ్మ అనేది. ఇప్పుడు శివరాత్రి రాకముందే కూలర్ తుడుసుకుంటున్నం. ఎండకాలం మంటలు, వానకాలం గోదారి వరద. నడుమ ఊపిరి తీసుకునేందుకు కొన్నాళ్లు ఉండేటియి. అవీ పోయినయి.

ఒకసారి వాతావరణ మార్పుల మీద ట్రైనింగని పట్నం పిలిచిండ్రు. ఏసీ హాల్ల కూసోబెట్టి, మంచుగడ్డ మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి బొమ్మ చూపిచ్చిండ్రు. మాకు ఎలుగుబంటంటే గుట్ట మీది నల్లదే తెలుసు. నాకు ఉండబట్టక లేచి అడిగిన. "సార్, అడవి బాటల పోయే చిన్నబండి ఇస్తరా? వీపుకు తగిలిచ్చుకునే పంపులు ఇస్తరా? ఇప్పపువ్వు రాలకముందే గూడేలకు పోయి, వాళ్లతోని కలిసి ఆకు ఊడ్సనిస్తరా?" మంచి సలహా అన్నడు సారు. చప్పట్లు కొట్టిచ్చిండు. బిర్యానీ పెట్టి పంపిచ్చిండ్రు.

ఆకు సంగతి ఎందుకడిగిన్నంటే, మా దిక్కు ఇప్పచెట్టు కింద ఎండుటాకును పొద్దు పొడవకముందే అంటుబెడతరు. నేల శుభ్రమైతే రాలిన పువ్వు తెల్లగ కండ్లబడతది, ఏరుకుంటరు. తాతల నాటి పద్ధతి. అప్పట్ల అవతలి ఆకంత మంచుకు తడిసి ఉండేది, మంట దానంతటదే సచ్చేది. ఇప్పుడు మంచే కురుస్తలేదు. మంచు కురవలేదని చెయ్యి అలవాటు మానుకుంటదా?

ఆ ఎండకాలమే ఒక గూడెం నుంచి ఫోనొచ్చింది. పొద్దున మిర్చి కల్లంల మంట ఆర్పి వస్తున్నం, ట్యాంకుల నీళ్లు సగం గూడ లేవు. నింపుకుందామంటే దారిల వాగులన్నీ ఉత్త ఇసుకనే. మా బండేమో లారీ అంత. గూడెం ముందటి వాగుల చక్రాలు దిగబడ్డయి, ఇగ కదలదు. పైపుకు పైపు అతికిచ్చుకుంట ఉరికినం. ఆఖరి పైపు ఒక ముసలవ్వ వాకిట్ల దాకనే అందింది.

అవ్వ ఒక్కతే ఉంటది. మొగడు లేడు, పిల్లలు లేరు. ఇంటి పక్కన ఇప్పచెట్టు ఆమె అత్త కాలం నుంచి వాళ్లదే. కాయితం లేదు గని, ఎవరి చెట్టు ఎవరిదో గూడెమంతా ఎరుకే. ఆ పువ్వే ఆమెకు ఏడాది తిండి, ఉప్పు, దవాఖానా. ఎప్పటి లెక్కనే తెల్లారంగ తనే అంటుబెట్టింది. పొద్దెక్కినంక గాలి లేచింది. మేం పోయేసరికి నిప్పు చెట్టు తొర్రల దూరింది. ఇటు ఇంటి గడ్డికప్పు అంచు కాడికి మంట పాకుతున్నది.

ఉన్న నీళ్లు ఒక్కదానికే సరిపోతయి. నాకు తెలుసు, మా స్టేషన్ సారుకు తెలుసు, అవ్వకు గూడ తెలిసింది. వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"బిడ్డా, చెట్టు మీద కొట్టు. ఇల్లు పోతే పోనియ్యి. వెదురు నరుక్కొచ్చుకొని వానల్లోపు మల్ల కట్టుకుంట. చెట్టునెట్ల కట్టుకుంటయ్యా?"

మా సారు చెడ్డోడు గాదు. ఆయనకు నేర్పిన చదువంతే. ముందు పాణం, తర్వాత ఆస్తి. ఇల్లు ఆస్తి. చెట్టు అడవిది, అడవి ఇంకో శాఖది. "ఇంటి మీద కొట్టవయ్యా, ఏం జూస్తున్నవ్!" అని ఒర్రిండు. కొట్టినం. ఇల్లు దక్కింది. గూడెపోళ్లు బోరింగు కాడి నుంచి బకెట్లు మోసిండ్రు, పచ్చికొమ్మలతోని బాదిండ్రు. చెట్టు లోపట పొయ్యి లెక్క మండుకుంటనే ఉన్నది. పొద్దుగూకంగ కూలింది. అవ్వ ఏడ్వలే. మా దిక్కు మల్ల చూడనేలే.

అప్పుడే ఒక విలేకరి దిగిండు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిండట ఎవడో, వాడు వీడేనేమో! అవ్వను ఇంటి ముందట నిలబెట్టి "జర నవ్వు అవ్వా" అన్నడు. నాకు కోపం నషాళానికెక్కింది. మావోళ్లు నన్ను పట్టుకోకుంటే ఆ కెమెరా వాగుల ఉండేది. తెల్లారి పేపర్ల మా ఫొటో వచ్చింది, ఇల్లు కాపాడిన వీరులని. మా సారుకు శాలువా గూడ కప్పిండ్రు.

చిన్నబండి మాత్రం రాలే. ఇంకో పెద్దబండి వచ్చింది, మొదటిదానికంటె పొడుగుది. దానికి కొబ్బరికాయ కొట్టి పూజ చేసినం.

మల్ల ఇప్పపువ్వు రాలే కాలానికి, ఎవలూ పంపకున్నా నేనే లీవు పెట్టి ఆ గూడెం పోయిన. చీపురు పట్టుకొని వాళ్లతోని ఆకు ఊడ్సిన. ముందుగాల నవ్విండ్రు, తర్వాత కలిసిండ్రు. అవ్వ ఇంటికి తడిక అడ్డం పెట్టి ఉన్నది. ఏదని పక్కింటామెను అడిగిన.

"చెట్టు లేకపాయె, ఈడుండి ఏం తింటది? వేంసూరు దిక్కు మిర్చి ఏరబోయింది. ఈ వయసుల! పోయినకాడనే ఎవరి కొట్టంలనో ఉంటున్నదట. ఇగ రాదు."

నేను తలకాయ ఎత్తి ఇంటి కప్పు చూసిన. గడ్డి అట్లనే ఉన్నది. ఒక్క పోచ గూడ కాలలే.