నేల రుచి చూసిన రోజు

కువైట్‌కి వచ్చిన కొత్తలో నాకు నీళ్లంటే చచ్చే భయం. ఈత రాక కాదు (ఈత ఇప్పటికీ రాదనుకోండి), నాది పైపులు అతికే పని, అందుకు. ఆ రోజుల్లో మా కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, జహ్రా ఊరు దాటాక ఎడారిలో ఓ పాత గొర్రెల కొట్టం ఉండేది. గొర్రెల్ని అమ్మేసి పెద్దాయన అందులో సరదాగా వడ్రంగం మొదలుపెట్టాడు. చలికాలంలో ఆ నేల చల్లదనానికి ఆయన మోకాళ్లు పట్టేసేవి. దాంతో నేలంతా పైపులు పరిచి, పైన కాంక్రీటు పోసి, లోపల వేడినీళ్లు తిప్పాలని నిర్ణయించాడు. ఎండాకాలంలో అరికాళ్లు కాలే దేశంలో నేలను వేడిచేయడమేంటని చాటుగా తెగ నవ్వుకున్నాను. పైపులు అతికేది నేనేనని తెలిశాక నవ్వు ఆగిపోయింది. "పానీ వచ్చిందా, ఖలాస్. ఇండియా!" అంటూ కఫీల్ వేలితో ఆకాశం చూపించాడు. నా ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, దాని గడువు కూడా ఆ నెలాఖరుకే.

కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే పైపుల్లో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టాం. మిక్సర్ లారీ వచ్చింది. కఫీల్ గుమ్మంలో నిలబడి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే మూలన పైపుల మధ్య అరచేతి వెడల్పు తడి కనిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ప్రెషర్ మీటరులో ముల్లు కదల్లేదు, అంటే పైపులు కారడం లేదు, నిజమే, కానీ భయపడ్డవాడికి ముల్లు మీద నమ్మకమేముంటుంది? కాంక్రీటు పడ్డాక కారితే నేలంతా పగలగొట్టాల్సిందే. "ఆపండి!" అని అరిచి, అక్కడే కూలబడి, ఆ తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. (పైపుల్లో నింపింది అక్కడి బావి నీళ్లు, నోట పెట్టలేనంత ఉప్పు.) తీరా చూస్తే తియ్యగా ఉంది.

"కాకా, తియ్యగున్నయే!" అన్నాను మా మేస్త్రితో. ఇద్దరిదీ జగిత్యాల పక్కన ఒకే ఊరు, వరసకు కాక, అంటే చిన్నాన్న. ఆయన ముఖం పాలిపోయింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. పొద్దుగాల ఎవ్వలు లేనప్పుడు కొబ్బరికాయ కొట్టిన. కాయ కొట్టకుండ కాంక్రీటు ఎట్ల పోస్తం? అసలే నువ్వు అతికిన పైపులాయె. కఫీల్‌కు ఎరుకైతే ఇద్దరం ఇంటికే."

"మరి చిప్పలేవి?"

"తిన్న."

గొర్రెలు తిరిగిన నేలను నేను నాకడం చూసి కఫీల్ "మజ్నూన్!" అని తల కొట్టుకున్నాడు. పిచ్చోడు అనిపించుకున్నందుకు అంత సంతోషించిన వాడు లేడేమో. కాంక్రీటు పడింది, నా ఇఖామా గడువూ పొడిగించారు. నా భయం మాత్రం చలికాలం దాకా పోలేదు. వేడినీళ్లు మొదటిసారి వదిలిన రోజు పెద్దాయన చెప్పులు విడిచి నేల మీద నిలబడి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నేను గోడ వెంబడి ఎక్కడైనా తడి ఉందేమోనని వెతుకుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి, పక్క గదికి కూడా పైపులు వేయమన్నాడు. ఆ పని మొదలుపెట్టే రోజు కారులోంచి ఒక కొబ్బరికాయ తీసి కాక చేతిలో పెట్టాడు. మూలన పడ్డ కొబ్బరి పీచు కఫీల్ కాంక్రీటు పోసిన రోజే చూశాడట.

ఇప్పుడు నేనూ మేస్త్రినే. కుర్రాళ్లు తడి చూసి కంగారుపడితే ముందు మీటరు చూడమంటాను. నా వేలు మాత్రం ఇప్పటికీ నాలుక దగ్గరికే పోతుంది. ఆ కొట్టంలో కూలబడ్డవాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పక్కన కూర్చుని, "ముల్లు కదల్లేదురా, చూడు" అని వాడికి చెప్పాలనిపిస్తుంది.