కాజాలక్క బొటనవేలు

కాజాలక్క తీసిన ఏ వీడియోలోనైనా ముందు కనిపించేది ఆవిడ బొటనవేలే. లోకం ఆ తర్వాత. ఇరవై ఏళ్లుగా కుట్టు దుకాణంలో కాజాలు కుట్టి గుండీలు పెట్టే మనిషికి కెమెరా పట్టడం ఎవరు నేర్పారు గనక? కూతురు తన పాత ఫోను ఇచ్చింది. అంతే, పిచ్చి పట్టుకుంది. సూదిలోకి దారం ఎక్కడం, ఇస్త్రీపెట్టె ఆవిరి, కిటికీలో పిల్లి ఆవులింత, దేన్నీ వదిలేది కాదు. చూసేవాళ్లు పట్టుమని పదిమంది. అందులో ఇద్దరు తోడికోడళ్లు, చూడలేదంటే ఆవిడ ఊరుకోదని చూసేవాళ్లు.

"ఒదినా, నీ వీడియో చూస్తే కళ్లు తిరుగుతున్నాయి" అనేవాడు మరిది.

"కూర్చుని చూడు, తిరగవు."

అన్నిటికన్నా ఆవిడకు ఇష్టం కటింగు మాస్టారి చేతులు. కాలరు గీయడానికి ఆయన టేపు ముట్టడు. బొటనవేలు, చూపుడువేలు చాపి గుడ్డ మీద ఆనించి సుద్దతో గీత పెడతాడు. ఆ కుడి చూపుడువేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. కొలతంతా ఆ వంకరలోనే ఉంది.

ఒక బ్యాండు బృందం ముప్పై కోట్లు చెప్పింది. డబ్బు కాదు, తొడుక్కునేవి. మాస్టారు నమూనా కోటు కోసే రోజున, ప్రకటన కోసమని ఓనరు ఒక కెమెరా కుర్రాణ్ణి పిలిపించాడు. లైట్లు పెట్టి, అతను కాజాలక్కను "పక్కకి జరగండి" అని మూలకు తోశాడు. ఆవిడ ఊరుకుంటుందా? అతను రాకముందే ఫోనును తన టేపుతో కట్టి బల్ల పైనున్న కొక్కేనికి వేలాడదీసి ఉంచింది. మిగిలిన టేపు కొస గుడ్డ అంచు వెంట పడి ఉంది.

పదకొండు నిమిషాల ఆ వీడియో చూసి ఓనరు పగలబడి నవ్వాడు. "ఇదేం సినిమా అక్కా? సగం మాస్టారి బట్టతల, పక్కన పాములా టేపు! ఇక దుకాణంలో ఈ వేషాలు మానెయ్."

ఆవిడ మనసు చివుక్కుమంది. ఫోను సంచిలో పడేసి కాజాల్లో తల దూర్చింది.

నమూనా కోటు అందరికీ నచ్చింది. బ్యాండు నాయకుడు దాన్ని తొడుక్కుని ఊళ్లు తిరగడానికి వెళ్లిపోయాడు. మర్నాడే మాస్టారు తడిసిన మెట్టు మీద జారాడు. కుడిచేతికి వేళ్ల దాకా కట్టు పడింది. గడువు తొమ్మిది రోజులు. తప్పితే బృందం వేరే దుకాణానికి పోతుంది.

కుట్టేవాళ్లు తమ వేళ్లతో కొలిచి కోశారు. మొదటి కాలరు ఆవు మెడకు సరిపోతుంది. రెండోది పీక నొక్కేస్తుంది.

"ఎన్ని అంగుళాలో చెప్పండి మాస్టారూ!" ఓనరు తల పట్టుకున్నాడు.

"నాకేం తెలుసు? ఆ లెక్క నా చేతికి తెలుసు." అన్నాడు మాస్టారు. ఎడమచేత్తో కొలవబోయాడు. ఆ వేలికి వంకర లేదు.

ప్రకటన వీడియో వేసి చూశారు. సంగీతం, చిరునవ్వు, కత్తెర తళతళ. సరిగ్గా సుద్ద గీసే చోట దుకాణం బోర్డు వచ్చింది.

కాజాలక్క సంచిలోంచి ఫోను తీసింది. "నవ్వకపోతే నాదొకటుంది."

ఎవరూ నవ్వలేదు. బొటనవేలు దాటింది, బట్టతల పక్కకు జరిగింది, మాస్టారి వేళ్లు గుడ్డ మీద చాచుకున్నాయి. వాటి పక్కనే టేపు, దాని మీద అంకెలు!

"ఆరుంపావు!" అరిచాడు ఓనరు.

"ఆగండి," అన్నాడు మాస్టారు. "అక్కడ గీత తుడిచి మళ్లీ గీశాను. అది కూడా తీశావా అమ్మాయ్?"

"వీడియో కత్తిరించడం నాకు చేతకాదు మాస్టారూ. మొత్తం ఉంచేశాను."

మూడో కాలరు కొయ్యబొమ్మ మెడకు అచ్చుగుద్దినట్టు పట్టింది. ఎనిమిదో రోజు సాయంత్రానికి ముప్పయ్యో కోటుకు చివరి గుండీ కాజాలక్కే పెట్టింది.

బ్యాండు ఆ కొత్త కోట్లతో వాయించుకుంటూ వీధిలోకి వచ్చింది. ఓనరే స్టూలు తెచ్చి వేశాడు. "ఎక్కి తియ్యి అక్కా, అన్నీ తియ్యి." కట్టు చేత్తో మాస్టారు పక్కనే నిలబడి ఒక్కో మెడా చూసుకున్నాడు.

"నలభై ఏళ్లు కోసిన చెయ్యి. నాతోనే పోతుందనుకున్నా. నీ ఫోనులో మిగిలింది తల్లీ" అన్నాడు.

కాజాలక్క గర్వం పట్టలేక నవ్వింది, ఏడ్చింది, ఫోను మాత్రం దించలేదు. ఆ వీడియో మొదట్లో బొటనవేలు, తర్వాతంతా ఊగుడే. మరిది దాన్ని నాలుగుసార్లు చూశాడు, కూర్చునే.