దిగువకి ఎగిరిన పిట్టలు

తొంభైల్లో ఒక నవంబరు. పురిటికి అక్కని ఇంటికి తీసుకురమ్మని నన్ను రాజమండ్రి పంపారు. అమ్మకి జ్వరం, నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్ళాడు, ఇక మిగిలింది నేనే. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాలి. తెల్లారేసరికి తుఫాను కోనసీమ మీద పడిందన్న వార్త వచ్చింది.

చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. బస్సులు ఆపేశారు. ఎస్టీడీ బూత్‌లో ఎన్నిసార్లు తిప్పినా మా ఊరున్న అంతర్వేది వైపు లైను కలవలేదు. బావ లారీ వేసుకుని ఒరిస్సా వెళ్ళి అక్కడే చిక్కుకున్నాడు. తొమ్మిదో నెల మోస్తున్న అక్క, నేను, ఒక అద్దె గది, పైన డాబా. నాన్న పడవ ఒడ్డుకి చేరిందో లేదో చెప్పే దిక్కు లేదు.

అందుకని డాబా ఎక్కి పిట్టల్ని చూడ్డం మొదలుపెట్టాను. నవ్వకండి. వేట మీద బతికే మా ఇళ్ళల్లో రేడియో కన్నా పిట్టల్నే ఎక్కువ నమ్ముతారు. సముద్రం చెడితే తెల్లటి సముద్రపు పిట్టలు ఏటి వెంబడి పైకి వచ్చేస్తాయనీ, అది నెమ్మదించాక దిగువకి తిరిగి వెళ్తాయనీ, ఆ వెనకే పడవలు ఒడ్డుకి వస్తాయనీ నాకు నేర్పింది నాన్నే.

పట్నంలో ఇన్ని పిట్టలుంటాయని అప్పుడే చూశాను. కరెంటు తీగల మీద గోరింకలు, సినిమా హాలు కప్పు మీద పావురాలు, చెత్తకుప్ప దగ్గర గద్దల కొట్లాట. వాటితో నాకేం పని? ఇళ్ళ సందులోంచి గోదావరి ముక్క ఒకటి కనిపించేది. దాని మీద వందల కొద్దీ ఆ తెల్ల పిట్టలు. అన్ని వచ్చాయంటే సముద్రం ఎంత చెడిందో అనుకునేదాన్ని.

"పైన ఏం చూత్తన్నావే?" అనేది అక్క.

"గోరింకల్ని."

మొహం చూస్తే పట్టేస్తుందని బిందె తీసుకుని కుళాయికి పోయేదాన్ని. రెండు రోజులుగా తను మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. తను తినందే నాకు మాత్రం ముద్ద ఎలా దిగుతుంది? బిడ్డ కోసమైనా తినక్కా అంటే గోడ వైపు తిరిగి పడుకునేది. నాకు భయం కన్నా కోపం ఎక్కువ వచ్చేది. నాన్న మీద, సముద్రం మీద, చివరికి ఆ పుట్టని బిడ్డ మీద కూడా.

మూడోరోజు పొద్దున్న గాలి తగ్గగానే పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి ధవళేశ్వరం వైపు, దిగువకి ఎగిరిపోయాయి. మెట్లు రెండేసి దూకుతూ కిందికి దిగాను.

"అక్కా, పిట్టలు ఎల్లిపోయాయి! సముద్రానికి ఎల్లిపోయాయి! నాన్న వచ్చేత్తాడు!"

అక్క నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి కూర్చుంది.

"అయితే అన్నం వండు. ఇద్దరికీ వండు."

చారు పోసుకుని గిన్నె ఖాళీ చేశాం.

సాయంత్రం గోదారమ్మకి దణ్ణం పెట్టుకుందామని రేవుకి వెళ్ళాను. పిట్టలన్నీ మళ్ళీ అక్కడే ఉన్నాయి. పడవ కడుగుతున్న పెద్దాయన్ని అడిగాను.

"ఏవండీ, ఇయ్యి తుఫానుకి వచ్చినయ్యేనా?"

"తుఫానేంటమ్మా! ఏటా సలికాలం వత్తాయి. పొద్దున్నే మేతకి దిగువకి పోతాయి, మాపటేలకి వచ్చేత్తాయి."

సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, పట్నం పిట్టల్లో కూడా సముద్రాన్నే చూశాను. అక్కకి చెప్తే ఆ తిండి కూడా మానేస్తుంది. చెప్పలేదు. తర్వాత రెండు రోజులూ వండాను, వడ్డించాను, తన కళ్ళలోకి మాత్రం చూడలేదు.

దారి తెరిచాక చిన్నాన్న వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. పడవ దొరికిందట. నాన్న దొరకలేదు.

ఏడుపు కాస్త తగ్గాక అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. అవి ఏటా వచ్చే పిట్టలేనట, తెలిశాక కూడా దాచాను, లేనిపోని ఆశ పెట్టి నీకు ద్రోహం చేశాను అన్నాను.

అక్క నా తల నిమిరింది.

"నాకు తెలుసే. నాలుగేళ్ళబట్టీ ఆ డాబా మీదే బట్టలారేత్తన్నాను."

"మరి ఆ రోజు అన్నం ఎందుకు తిన్నావు?"

"నేను తినకపోతే నువ్వు తినేలా లేవు."